ఎర్రపెట్ట కాలు

1998 నవంబర్ 22న వాజ్‌పేయి వచ్చి మాదాపూర్‌ల సైబర్ టవర్స్ తెరిచిననాడు నాకు ఎనిమిదేండ్లు. మా మాదిగవాడ ఆ పక్కనే. మా దగ్గరంత రాతిగుట్టలు. వాటిని పేల్చి, కొట్టి, సాఫు చేసి బిల్డింగులు లేపిన్రు. ఆ పనుల్లనే మా అవ్వ, నాయిన కూలికి పోయిన్రు. కంకర మా వాకిట్ల దాక వచ్చింది. చెప్పుల్లేని మా కాళ్లకే కోసుకుపోతుంటే కోళ్లకు ఎట్లుంటది?

కోళ్లు కుంటుడు అప్పుడే ఎక్కువయింది. పొద్దున గంప లేపంగనే ఏది ఎనుక పడ్తదో అవ్వ చూసేది. దాన్ని ఒళ్లో ఎల్లకిల పండవెట్టి పాదం చూసేది. నడిమిట్ల ఉబ్బు, మీద నల్లటి పెచ్చు. మా ఇంట్ల దాన్ని ఆనె అనేటోళ్లం. గోరువెచ్చటి ఉప్పునీళ్లల్ల కాలును పావుగంట నానబెట్టేది. పెచ్చు మెత్తబడేదాక నన్ను గోకనిచ్చేది కాదు. "పిసుకకు, చీము లోపలికి పోతది" అనేది. కోడి చీము కారదు, ఉడికిన గుడ్డు పచ్చసొన లెక్క గట్టిగుంటది. పసుపు, యాపాకు నూరి పెట్టి, పాతచీర పీలికను వేళ్ల సందుల్లకెళ్లి తీసి కట్టేది. కట్టు రోజూ మార్చేది. వారం దినాలు కోడి ఎండుగడ్డి మీదనే.

పదో తరగతి ఫీజుకు మాకున్న ఆశ ఎర్రపెట్ట పిల్లల మీదనే. ఆ ఏడు దాని కాలు కీలు దాక వాచింది. అవ్వకు చాతగాలేదు. పశువుల దవాఖానకు పోయినం. గడపకాడ ఉన్నాయన మాది ఏ వాడ అని అడిగిండు. చెప్పినం.

"మీరు సచ్చినయి గూడ తింటరు గదా, దీనికి సూదెందుకే? కోసుకుంటె పాయె" అని నవ్విండు.

లోపల డాక్టరు సారు తల ఎత్తలేదు. అవ్వ కోడిని చంకల పెట్టుకొని ఎనుకకు తిరిగింది. తోవ పొడుగునా మాట్లాడలేదు.

నాలుగు దినాలకు ఎర్రపెట్ట సచ్చిపోయింది. మేము కూర తిని ఎన్నడయిందో! అయినా అవ్వ దాన్ని కొయ్యలేదు. ఇంటెనుక గుంట తీసి పెట్టింది. ఫీజు నాయిన అప్పు తెచ్చి కట్టిండు.

డిగ్రీల జువాలజీ చదువుతుంటె ఆ పుండుకు బంబుల్‌ఫుట్ అనే పేరుందని తెలిసింది. చిన్న గాటుల నుండి స్టెఫిలోకాకస్ అనే బాక్టీరియా పాదంలకు దిగుతదట. మా ఇంట్ల డిగ్రీ మొగం చూసింది నేనే మొదలు. సెలవులకు వచ్చినప్పుడు బెటాడిన్ సీస, దూది, టేపు తెచ్చిన. అవ్వ చేసినవాటిల్ల చాలమటుకు సరైనవే. ఒట్టి చేతులతోని చీము తీసుడు మాత్రం తప్పు, అది మనిషికి గూడ అంటుకోవచ్చు. వాపు కీలుకెక్కితే ఇంటివైద్యం సాలది, డాక్టరు రాసిన యాంటీబయాటిక్ పడాలె. ఆ మందు నడిచినన్ని దినాలు, ఆపినంక డాక్టరు చెప్పినన్ని దినాలు, గుడ్లు తినొద్దు.

ఇప్పుడు మా ఇంటి చుట్టూ సాఫ్టువేరు పిల్లల హాస్టళ్లే. అవ్వ నాలుగు కోళ్లు, జత బాతులు సాదుతది. మన్ను దొరకది, అంత సిమెంటు. బాతు పాదం కోడిదాని కంటె మెత్తన, తొందరగ ఒరుసుకపోతది. బడి ఉన్న ఊరికెళ్లి రెండు బస్తాల మన్ను, ఒక బస్తా వడ్లపొట్టు తెచ్చి పోసిన. ఈతకు తొట్టి పెట్టిన.

పోయిన ఎండకాలం ఒక బాతుకు కట్టు కడుతున్నం. అవ్వ దాన్ని ఒళ్లో పట్టుకొని కాళ్లు సాపింది. ఆమె అరికాలుల సుత అట్లాంటిదే నల్లటి పెచ్చు.

"ఎన్ని దినాలయిందే?"

"ఏమో బిడ్డా, నొస్తలేదు."

అవ్వకు షుగరు. నొస్తలేదంటెనే నాకు భయమయింది. మరునాడు దవాఖానకు తోలుకపోయిన. డాక్టరమ్మ పాదాన్ని చేతులకు తీసుకోబోతె అవ్వ కాలు గుంజుకున్నది. "వద్దమ్మా, ఖరాబుంది" అన్నది. ఆమె వదల్లేదు. ఇంక ఉప్పునీళ్లల్ల నానబెట్టొద్దు, వేడినీళ్లు అసలే వద్దన్నది. షుగరు కాలు కాలితె గూడ తెల్వదట. ఒట్టి కాళ్లతోని నడవొద్దన్నది.

మెత్తటి చెప్పులు కొనిచ్చిన. కోళ్ల గూటికాడికి పోయేటప్పుడు మాత్రం వాటిని గడపకాడనే విడిచిపోతది. కొట్లాడి కొట్లాడి యాష్టకొచ్చింది. పొద్దున బడికి పోయేముందు ముందుగాల అవ్వ కాలు చూస్త, చేతులు కడుక్కొని అటెనుక బాతు కాలు చూస్త.