చిన్న పందేల పోకర్: చేతిలో ఎంత ఉండాలి, ఎంత ఆశించాలి?

ఆరోగ్య విషయాలు ముచ్చటించుకునే చోట పేకాట ప్రస్తావన ఎందుకని మీరు ఆశ్చర్యపడవచ్చు. జూదవ్యసనం వైద్యశాస్త్రం గుర్తించిన రుగ్మత. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం ప్రచురించిన డీఎస్ఎం-5 దానిని మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాల సరసన చేర్చింది. అయితే పేక ముట్టిన ప్రతివారూ వ్యసనపరులు కారు. వినోదానికి, వ్యసనానికి నడుమ ఉన్న గీతను చాలామంది దాటేది దురాశ వలన కంటే లెక్క తెలియకపోవడం వలననే అని నా అభిప్రాయం.

అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా బంధువుల అబ్బాయి ఒకసారి నన్నిలా అడిగాడు: “పెదనాన్నా, రెండు వేల డాలర్లు పక్కన పెట్టాను. శనివారాలు క్యాసినోకు వెళ్లి చిన్న పందేల పోకర్ ఆడితే ఇంటి అద్దె రాదంటారా?” నేను మందలించలేదు. ఆట నియమాలు అతని చేతనే చెప్పించుకొని, ఇద్దరం కాగితం మీద లెక్క వేశాము. ఆ లెక్కనే మీ ముందుంచుతున్నాను.

పోకర్‌లో ఆటగాళ్లు క్యాసినోతో కాక ఒకరితో ఒకరు పోటీ పడతారు. అందుచేత నేర్పుకు చోటుంది. ఒకటి-రెండు డాలర్ల బ్లైండ్లు గల హోల్డెమ్ బల్ల వద్ద తొమ్మిదిమంది తలా 200 డాలర్లతో కూర్చున్నారనుకోండి. గంటకు సుమారు 30 ఆటలు సాగుతాయి. ప్రతి ఆటలోను బల్ల మధ్య పోగయిన సొమ్ము నుండి క్యాసినో ‘రేక్’ అనే కోత తీసుకుంటుంది. ఇది చోటును బట్టి మారుతుంది. సగటున 4 డాలర్లనుకుంటే గంటకు 120 డాలర్లు. గెలిచినవారు డీలర్‌కు ఇచ్చే బహుమానం మరొక 30. అంటే గంటకు 150 డాలర్లు బల్ల నుండి వెళ్లిపోతాయి. అయిదు గంటలలో 750. తొమ్మిదిమందీ మొదట తెచ్చుకున్న 1800లో అయిదింట రెండు వంతులకు పైగా ఏ ఆటగాడికీ దక్కదు! తలకు గంటకు దాదాపు 17 డాలర్ల నష్టంతో ఆట మొదలవుతుందన్న మాట. ఇతరుల కంటే కొంచెం బాగా ఆడినంత మాత్రాన లాభం రాదు. ఆ కోతను మించేటంత బాగా ఆడాలి.

సరే, మీరు నిజంగా నేర్పరులు, గంటకు సగటున 10 డాలర్లు గెలవగలరనుకుందాం. ఈ ఆటలో గంట ఫలితానికి ప్రామాణిక విచలనం 100 డాలర్లని తీసుకుంటే అది అతిశయోక్తి కాదు. వారానికి నాలుగు గంటల చొప్పున ఆరు నెలలు, అంటే 100 గంటలు ఆడితే రావలసినది 1000. ఊగిసలాట కూడా 1000. కనుక ఇటువంటి నేర్పరులలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఆరు నెలల తరువాత కూడా నష్టంలోనే ఉంటారు. దీనికంటే ప్రమాదకరమైనది రెండవ వైపు. గంటకు సగటున 5 డాలర్లు పోగొట్టుకునేవారిలో పదింట ముగ్గురు అదే 100 గంటల తరువాత లాభంలో కనిపిస్తారు. వారు తమను నేర్పరులనుకొని పెద్ద పందేల బల్లకు వెళ్తారు. ఒక్క రోగికి నయమైనంత మాత్రాన మందు మంచిదని వైద్యుడు తీర్మానించకూడదు. ఇక్కడా అదే న్యాయం వర్తిస్తుంది.

ఇక ఆటకై వేరుగా ఉంచే సొమ్ము, అంటే బ్యాంక్‌రోల్. పై నేర్పరి వద్ద 500 డాలర్లే ఉంటే ఎప్పుడో ఒకప్పుడు అంతా పోయే అవకాశం మూడింట ఒక వంతుకు పైనే. 1000 ఉంటే ఏడింట ఒకటి. 2000 ఉంటే నూటికి రెండు. అయితే గెలిచినది అందులోనే ఉంచితేనే ఈ లెక్క నిలుస్తుంది. గెలిచినదంతా అద్దెకు తీసేస్తూ ఉంటే నిధి పెరగదు. ఊగిసలాట మాత్రం ఆగదు. నేర్పరి కూడా ఒకనాటికి వట్టి చేతులతో మిగులుతాడు. సగటున ఓడిపోయేవారికి ఎంత పెద్ద నిధి అయినా చాలదు. పోవడానికి పట్టే కాలం మాత్రమే పెరుగుతుంది.

అన్నీ కలిసివచ్చినా నెలకు వచ్చేది 160 డాలర్లు. అది ఇంటి అద్దె కాదు, ఫోను బిల్లు! ఆ అబ్బాయి కాగితం చూసి చాలాసేపు మాట్లాడలేదు. ఇప్పుడు రెండు నెలలకొకసారి 200 డాలర్లతో వెళ్తున్నాడు. సినిమా టికెట్టు డబ్బు వలె అది తిరిగి రాదనుకొనే వెళ్తున్నాడు.

వైద్యునిగా మరికొన్ని మాటలు. ఎప్పుడు దక్కుతుందో తెలియని ప్రతిఫలం క్రమంగా దక్కేదానికంటే అలవాటును గట్టిగా బిగిస్తుందని మనస్తత్వవేత్త స్కిన్నర్ పరిశోధనలు చూపాయి. పోకర్‌లో ప్రతిఫలం అటువంటిదే. లాస్ వేగాస్ క్యాసినోలలో ఆడేవారికి మద్యం ఉచితంగా పోస్తారు. మద్యమూ, నిద్రలేమీ వివేకాన్ని మందగింపజేస్తాయి. పార్కిన్సన్ వ్యాధికి వాడే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందులు కొందరిలో జూదంపై అదుపులేని కోరిక పుట్టిస్తాయి. మీ ఇంట్లో పెద్దవారు ఆ మందులు మొదలుపెట్టిన తరువాత పేకాట మరిగితే మందలించకండి, వైద్యునికి చెప్పండి. మందులను మాత్రం మీరుగా ఆపవద్దు.

ఆడదలచినవారు కొన్ని కట్టుబాట్లు ముందే పెట్టుకోవాలి. అప్పు తెచ్చిన డబ్బు, పిల్లల చదువు డబ్బు బల్ల మీదికి రాకూడదు. లేచే సమయం కూర్చునే ముందే నిర్ణయించుకోవాలి. గంటకొకసారి లేచి నడవాలి. గెలుపు, ఓటమి రెండూ పుస్తకంలో వ్రాయాలి. ఆ పుస్తకం భార్యకో భర్తకో చూపగలిగేట్లు ఉండాలి. మన తెలుగు రాష్ట్రాల నుండి గోవా క్యాసినోలకు వెళ్లేవారికీ ఇవే మాటలు.

‘పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలి’ అని మనవాళ్లంటారు. వస్తువు విషయంలో అది నిజం. జూదంలో అదే రోగలక్షణం. పోయినది రాబట్టాలని మరునాడే మళ్లీ వెళ్లడం, పందెం పెంచుకుంటూ పోవడం, ఇంట్లో అబద్ధమాడటం, మానబోతే చిరాకు, అప్పులు: ఇవి మీలో గాని, మీ వారిలో గాని కనిపిస్తే సిగ్గుపడక మానసిక వైద్యుని సంప్రదించండి. భారతదేశంలో టెలిమానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. రక్తపోటు వలె ఇది కూడా ముందుగా గుర్తిస్తే అదుపులో ఉంచగలిగిన జబ్బు.