తాళం వేసిన వీధి

వేసవి సెలవుల్లో ఊళ్లో ఉండిపోవడమంటే మా ఇంట్లో నేరం కింద లెక్క. మార్కాపురంలో తెలుగు పాఠాలు చెప్పుకుంటూ పదిహేడేళ్లు గడిపాను గాని, ఒక్క మే నెల కూడా ఇక్కడ గడిపి ఎరగను. 2020లో కరోనా వచ్చిన ఏడు మాత్రం కదలలేదు. అప్పుడు దేశంలో ఎవరూ కదలలేదు గనుక దాన్ని లెక్కలోకి తీసుకోనక్కరలేదు. కాలేజీకి సెలవులిచ్చిన మూడోనాడు పెట్టెలు సర్దడం, నాలుగోనాడు రైలెక్కడం, తెనాలి దగ్గర మా అత్తవారి ఊళ్లో కాలవగట్టున దిగడం. ఇదీ మా ఇంటి పంచాంగం.

పోయిన వేసవిలో ఆ పంచాంగం తప్పింది. ఇంటర్మీడియట్ సప్లిమెంటరీ పరీక్షలు మేలో జరుగుతాయి గదా, వాటికి పర్యవేక్షకులు కావలసి వచ్చారు. సహోద్యోగుల్లో ఒకరికి మేనకోడలి పెళ్లి, ఒకరికి నడుమునొప్పి, ఇంకొకరికి కాశీయాత్ర. ఏ అడ్డంకీ లేనివాణ్ణి నేనొక్కణ్ణే తేలాను. అత్తవారింటి మామిడిపళ్లు సెలవుచీటీలో రాయదగ్గ కారణం కాదాయె! మా ఆవిడ నాలుగు రకాల పొడులు సీసాలకెత్తి, ఏ సీసాలో ఏముందో చీటీలు అంటించి, "మధ్యాహ్నం బయట తిరగకండి, ట్యాంకరు వచ్చినప్పుడు నిద్రపోకండి" అని రెండు ఆజ్ఞలు జారీచేసి, పిల్లలతో రైలెక్కింది.

మా ప్రాంతం సంగతి తెలియనివారికి ఒక్క మాట చెప్పాలి. మార్కాపురం, గిద్దలూరు, కంభం 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలోవి. 1972లో ఆ కొత్త జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. అయినా మేము కోస్తా వారికి సీమవాళ్లం, సీమవారికి కోస్తావాళ్లం. పడమట నల్లమల, కాళ్ల కింద పలకరాయి. కొండ ఎండను ఆపదు సరిగదా, రాయి పగలంతా తాగిన వేడిని రాత్రి కక్కుతుంది. మేలో ఎండ నలభై నాలుగు డిగ్రీలు దాటిన రోజున, పెరట్లో ఆరేసిన పంచె మళ్లీ వెనక్కి తిరిగేలోగా అప్పడంలా ఎండిపోతుంది.

మా వీధిలో పదకొండు ఇళ్లు. మే మొదటివారానికి ఏడింటికి తాళాలు పడ్డాయి. పేపరు కుర్రవాడు నా ఒక్కడి కోసం లోపలిదాకా రావడం దండగనుకొని వీధి మొగదలలోనే విసిరిపోవడం మొదలుపెట్టాడు. తాళం వేసిన ఇళ్ల అరుగులు కుక్కల వశమయ్యాయి. తొమ్మిదయ్యేసరికి బజారు సద్దుమణిగేది. మళ్లీ సాయంత్రం ఆరు దాటాక సర్బత్తు బండి దగ్గర, చెన్నకేశవస్వామి గుడి దగ్గర కాస్త మనుషుల మాట వినిపించేది. నడిమి తొమ్మిది గంటలూ నేనూ, పంకా, మా ఆవిడ చీటీలూ. మొదటి రెండు రోజులూ ఈ ఏకాంతం బాగానే ఉన్నట్లు తోచింది. ఎన్నాళ్లనుంచో చదవాలనుకున్న పుస్తకాలు దింపి దుమ్ము దులిపాను. మూడోనాటికి దుమ్ము దులపడంతోనే సరిపెట్టుకున్నాను.

ట్యాంకరు రాత్రి రెండింటికి వచ్చేది. మా వీధికీ, వెనక సందుకూ కలిపి ఒకటే. ఆ సందులో ఎక్కువమంది పలకల పనివాళ్లు. బిందెల యుద్ధం జరుగుతుందని భయపడుతూ మొదటి రాత్రి రెండు బకెట్లతో వెళ్లాను. యుద్ధం లేదు సరిగదా, సైన్యమే లేదు. నలుగురైదుగురు ముసలివాళ్లు, ఇద్దరు చిన్నపిల్లలు. ఆ సందు కూడా సగం ఖాళీ అయిపోయింది!

"వీళ్లు కూడా ఊళ్లకు పోయినారా అవ్వా?" అని పక్కనున్న ముసలమ్మను అడిగాను.

ఆమె నవ్వింది. "మాకు యాడుండాయి సామీ ఊళ్లు? బెంగుళూరికి పోయినారు, బేల్దారి పనికి."

మర్నాడు పొద్దున్నే ఆ సందులోకి వెళ్లి చూశాను. పదిహేడేళ్లలో అదే మొదటిసారి అని ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నది. మా వీధి తాళాలు పెద్దవి, ఇనుప గ్రిల్లుకు ఒకటి, తలుపుకు ఒకటి. అక్కడివి అరచేతిలో ఇమిడిపోయే రేకు తాళాలు. కొన్ని గుమ్మాలకు తాళమూ లేదు, అడ్డంగా ఒక కంపకొమ్మ, అంతే. మా తాళాలు మామిడిపళ్ల కోసం వేసినవి, వాళ్లవి కూలి కోసం వేసినవి. మావి జూన్‌లో తెరుచుకుంటాయి. వాళ్లవి వానల్ని బట్టి, మేస్త్రీని బట్టి. ఊరు రెండు గుమ్మాల గుండా ఖాళీ అవుతుంటే నేను ఇన్నేళ్లూ ఒక గుమ్మమే చూశాను. చూడకపోవడానికి కారణం తేలికే. మొదటి గుమ్మంలోంచి అందరికంటే ముందు బయటపడేది నేనే.

మా మార్కాపురం రోడ్డు స్టేషను మీదుగా పోయే రైలుదారికి ఒక కథ ఉన్నది. 1876–78లో ధాత కరువు దక్షిణదేశాన్ని ఊడ్చిపెట్టిన తరువాత, కరువు సీమలకు తిండిగింజలు చేర్చడానికి తలపెట్టిన దారుల్లో ఇదొకటి. నా చిన్నతనంలో ఇంకా మీటరుగేజి బండే. తూర్పుగా పోతే గుంటూరు, కాలవలు, మా అత్తవారూరు. పడమరగా పోతే కంభం, గిద్దలూరు, నంద్యాల, ఆపైన బెంగళూరు. గింజల్ని ఇటు తేవడానికి వేసిన దారిమీద ఇప్పుడు మనుషులు అటు పోతున్నారు. వెలిగొండకు పునాదిరాయి పడింది 1996లో. శ్రీశైలం నీళ్లకోసం నల్లమల కింద పద్దెనిమిది కిలోమీటర్ల పైచిలుకు సొరంగాలు రెండు తవ్వడం 2024 నాటికి ముగిసింది. పునాదిరాయి పడిననాడు పుట్టిన పిల్లలు ఈలోగా పెరిగి పెద్దవాళ్లై, తమ పిల్లల్ని చంకనెత్తుకొని పడమటి బండి ఎక్కుతున్నారు.

నాలుగైదు రోజుల తరువాత ఆ ముసలమ్మే మా ఇంటికి వచ్చింది. అరుగుమీద కూర్చోమంటే కిందనే కూర్చున్నది. కొంగుముడి విప్పి చిన్న ఫోను తీసింది.

"నువ్వు కాలేజీ అయ్యవారివంట గదా సామీ. మా మనమడు నీకాడే సదివినాడు. పరీచ్చ ఉండాది, రమ్మంటే రానంటాడు. నా మాట ఇనడు. నువ్వు జెప్పు."

పేరు చెప్పింది. గుర్తుకు వచ్చాడు. చివరి బెంచీ, సగం రోజులు కునికిపాట్లు. మార్చి పరీక్షల్లో మొదటిరోజు తెలుగే. ఆనాడు అతను రాలేదు. తక్కినవన్నీ రాసి ప్యాసయ్యాడు. ఫలితాలు వచ్చిననాడు స్టాఫురూములో, "తెలుగు పరీక్షకు కూడా రాని తెలుగువాణ్ణి వీణ్ణే చూశాం" అని నవ్వుతూ అన్నది మరెవరో కాదు, నేనే.

అసలు సంగతి ఆ పూట అరుగుమీద తెలిసింది. పరీక్షలకు ముందు రోజుల్లోనే మేస్త్రీ మనుషుల్ని తీసుకుపోయాడు. తల్లిదండ్రులకు సామాను మోసిపెట్టి, చెల్లెల్ని గుడిసెలో దిగబెట్టి, పరీక్ష వేళకు వచ్చేయవచ్చు గదా అని ఈ కుర్రవాడు వెంట వెళ్లాడు. తిరుగు బండి ఆలస్యమైంది. తొమ్మిదింటి పరీక్షకు పదకొండింటికి స్టేషనులో దిగాడు.

అవ్వ మాట్లాడుతుంటే నా చూపు ఆమె చేతులమీద నిలిచింది. వేళ్ల కొసలు అరిగి నున్నగా ఉన్నాయి. ముప్పై ఏళ్లు పలకలు రుద్దిందట. ఒకప్పుడు మా ఊరి పలక తెలుగునాట పోని బడి లేదనేవారు. పుస్తకాలు చవకై, ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఆ పని పలచబడింది. ఇప్పుడు పలకరాయి గోడలకూ గచ్చులకూ అలంకారంగా విదేశాలకు పోతున్నది గాని, దానికి ఇంతమంది చేతులు అక్కరలేదు. కంభంలో నేను అ ఆలు దిద్దిన పలక ఏ చేతులు రుద్దినదో ఎవరు చెప్పగలరు?

ఫోను కలిపాను. వెనక ఏదో యంత్రం రొద.

"నమస్తే సార్!" కుర్రవాడు కంగారుపడ్డాడు.

"హాల్ టికెట్టు వచ్చిందా?"

"వచ్చింది సార్. ఫీజు ఫ్రెండు కట్టినాడు."

"మరి రావేం?"

"రెండు దినాల కూలి పోతాది సార్. రానూపోనూ చార్జీలు. మేస్త్రీ కాడ అడ్వాన్సు తీసుకోనుండాం." కొంచెం ఆగి, నన్ను ఓదారుస్తున్నట్లుగా అన్నాడు. "తెలుగు ఒకటే గదా సార్. అది మనకు వచ్చిందే గదా!"

ఇన్నేళ్లుగా తెలుగు గొప్పతనం మీద సభల్లో ఎన్ని ఉపన్యాసాలిచ్చానో లెక్కలేదు. ఆ క్షణాన ఒక్కటీ అక్కరకు రాలేదు. అతను అన్నదాంట్లో తప్పేమున్నది? వచ్చిన భాషనే మళ్లీ వచ్చునని రుజువు చేసుకోవడానికి రెండు రోజుల కూలి ఎందుకు పోగొట్టుకోవాలి? చివరికి ఉపన్యాసం మాని లెక్క చెప్పాను.

"అది ఒక్కటి లేకపోతే నువ్వు రాసిన మిగతావన్నీ రాయనట్టేరా అబ్బాయ్. రెండేళ్లు పోతాయి. రెండు రోజులు చాలా, రెండేళ్లు చాలా?"

రొద మాత్రం వినిపించింది. "చార్జీలు నేను పంపనా?" అన్నాను.

"వద్దు సార్," అన్నాడు వెంటనే. "వస్తా."

తెలుగు పరీక్షనాడు తెలుగు లెక్చరరుకు పర్యవేక్షణ ఉండదు, అది నిబంధన. అందువల్ల ఆనాడు నాకు పనిలేదు. తెల్లవారకముందే స్టేషనుకు వెళ్లాను. సీసాలో మంచినీళ్లు, మనసులో మార్చినాటి ఆలస్యం. ఈసారి బండి పెద్దగా ఆలస్యం కాలేదు. దిగినవాణ్ణి మొదట పోల్చుకోలేకపోయాను. రెండు నెలల్లో భుజాలు వెడల్పయ్యాయి, గోళ్ల సందుల్లో సిమెంటు. ఇంటికి తీసుకొచ్చి స్నానానికి నీళ్లు పెట్టాను. ట్యాంకరు నీళ్లు గనుక ఒక బకెట్టే అన్నాను. "అరబకెట్టు చాలు సార్" అన్నాడు. సీసాల మీద చీటీలు చూసి నవ్వుకుంటూ కరివేపాకు పొడి వేసుకొని అన్నం తిన్నాడు. అవ్వ గుమ్మం దగ్గర కూర్చుని అతను తినడమే చూస్తున్నది.

తొమ్మిదికి లోపలికి పోయాడు. నేను గేటు బయట వేపచెట్టు కింద, మిగతా పిల్లల తండ్రుల మధ్య కూర్చున్నాను. గాలి కొలిమి ఊదినట్టున్నది. మా ఆవిడ మొదటి ఆజ్ఞ అప్పటికే ఉల్లంఘించాను. పన్నెండింటికి బయటికి వచ్చి, "బాగానే రాసినా సార్. సందులు మాత్రం కొంచెం తడబడినాయి" అన్నాడు. సందులు ఎవరికి తడబడవు!

ఆ రాత్రే పడమటి బండికి తిరిగి వెళ్లిపోయాడు. సాగనంపడానికి వెళితే ప్లాట్‌ఫారం మీద మూటలతో, చిన్నపిల్లలతో నాలుగైదు కుటుంబాలున్నాయి. ఇద్దరు ముగ్గురు "నమస్తే సార్" అన్నారు. నా పాత విద్యార్థులే. ఒకడు సందేహిస్తూ అడిగాడు, "మీరు కూడా బెంగళూరికేనా సార్?" కాదన్నాను. వాడికి ఆశ్చర్యం వేసినట్లున్నది. మేలో ఊళ్లో ఉండేవాడెవడు?

జూన్‌లో ఫలితం వచ్చింది. డెబ్బై ఒక్క మార్కులు. ఫోనులో చెబితే "అవునా సార్!" అని రెండుసార్లు అన్నాడు. తరువాత మార్కుల కాగితం వచ్చింది. ఇంట్లో చెదలున్నాయని అవ్వ దాన్ని తెచ్చి నా దగ్గరే ఉంచింది. బీరువాలో మా పిల్లల సర్టిఫికెట్ల పక్కన పెట్టాను. దానితో అతను డిగ్రీలో చేరతాడో, మరో అంతస్తు కట్టడానికి పోతాడో నేను చెప్పలేను. కాగితం ఇంకా బీరువాలోనే ఉన్నది.

మా ఆవిడ ఊరినుంచి వచ్చి, సీసాల్లో మూడు నిండుగా ఉండడం చూసి నొచ్చుకున్నది. కరివేపాకు పొడి మాత్రం అయిపోయిందేమిటని అడిగింది. చెప్పాను. ఆమె ఆ సీసా కడిగి, మళ్లీ పొడి కొట్టి నింపి, అవ్వకు ఇచ్చి వచ్చింది.

ఆ వేసవి తరువాత నా హాజరుపట్టీలో చిన్న మార్పు వచ్చింది. పేరు పిలిచినప్పుడు పలకకపోతే ఇదివరకు చటుక్కున గైర్హాజరు గుర్తు పెట్టేసి ముందుకు పోయేవాణ్ణి. ఇప్పుడు కలం ఎత్తి, పక్కవాణ్ణి అడుగుతున్నాను. "వీడు ఏ బండి ఎక్కాడురా?"