చప్పుడు – స్వరము

సూర్యాపేట, కోదాడల మీదుగా సాగే హైదరాబాదు–విజయవాడ రహదారి ప్రక్కన కాపురముంటున్న మాబోటి కుటుంబాలకు మోత కొత్త కాదు. లారీల హారన్లు, మిర్యాలగూడ వెళితే రైసు మిల్లుల హోరు మా బ్రతుకులో కలిసిపోయాయి. అయితే సైలెన్సరు మార్పించిన మోటారు సైకిళ్లపై కుర్రవాళ్లు రాత్రివేళ పందెం వేసుకొని పోతుంటే పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. కుటుంబ ప్రార్థన మధ్యలో ఆగిపోతుంది. అలా వెళ్లిన బిడ్డ క్షేమంగా ఇల్లు చేరేదాకా కన్నతల్లికి కునుకుండదు.

"వేగమున్నచోట మోత తప్పదు కదండీ" అంటారు మా సంఘ యౌవనస్థులు. తప్పదా? 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్ల పందెం జరిగింది. ఫ్రాన్సు దేశస్థుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ కార్లు గంటకు 300 కి.మీ. పైగా పోగలవు. అయినా బ్యాటరీతో నడిచేవి గనుక పాత పందెపు కార్ల గర్జన వాటికి లేదు. 2014లో ఫార్ములా వన్ ఇంజన్లు మారి మోత తగ్గితే చాలామంది అభిమానులు నొచ్చుకున్నారు. మనిషికి మోతే బలమనిపిస్తుంది కాబోలు!

మోతకు వెల ఉంది. పది డెసిబెళ్లు పెరిగితే శబ్దశక్తి పదింతలవుతుంది. లోపలి చెవిలోని సన్నని రోమకణాలు నశిస్తే తిరిగి పుట్టవు. అందుకే 2000 నాటి నిబంధనలు నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు దాటరాదన్నాయి.

ఈ మాట బండ్లకే కాదు, మన మందిరాల మైకులకూ చెందుతుంది. మద్రాసులోని ఒక క్రైస్తవ సంఘం వ్యాజ్యంలో 2000 ఆగస్టు 30న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, ఇరుగుపొరుగు శాంతిని చెరిపి ప్రార్థించమని ఏ మతమూ బోధించదన్నది. ప్రక్క ఇంట్లో జ్వరంతో పడుకున్నవారికి మన స్తుతిగానం భారమైతే, అది వారికి సువార్త ఎలా అవుతుంది?

హోరేబు కొండపై ఏలీయాకు దేవుడు పెనుగాలిలోనూ, భూకంపంలోనూ, అగ్నిలోనూ కనబడలేదు. వాటి తరువాత వినబడిన నెమ్మదియైన స్వరంలోనే ఆయన మాటలాడాడు. నిరాశతో చావు కోరుకున్న మనిషిని ఆ స్వరమే లేవనెత్తి మరల పనికి పంపింది.

ప్రియ చదువరులారా, బండిమీద పోయే మన బిడ్డలను గద్దించేముందు ఒక సాయంకాలం వారితో కూర్చుందాం. టీవీ, సెల్‌ఫోను ఆపి, వారి మాట విందాం. ఇంట్లో తన మాట వినేవారున్న బిడ్డకు వీధిలో మోత చేసి చాటుకోవలసిన అవసరం తగ్గుతుంది. వినే చెవులను ప్రభువు మనకు దయచేయును గాక!