రాళ్ళసీమలో సాక్ష్యపు అక్షరాలు

కర్నూలు నుండి కడపకు రహదారి మీద సుమారు 200 కిలోమీటర్ల ప్రయాణం. పాణ్యం, నంద్యాల, ఆళ్ళగడ్డ, చాగలమర్రి, మైదుకూరు దాటుకుంటూ సాగే ఈ దారికి కొంత మేర తోడుగా 19వ శతాబ్దంలో తవ్విన కర్నూలు–కడప కాలువ ఉంటుంది. జనం నోట అది కె.సి. కెనాల్. కాలువలో నీరున్న రోజుల్లో గట్ల వెంట వరి పచ్చగా కనిపిస్తుంది. గట్టు దాటి కొంత దూరం పోతే వాన కోసం ఎదురుచూసే నల్లరేగడి నేలలు, ఆపైన నాపరాళ్ళ గుట్టలు. నీరు తక్కువ, రాయి ఎక్కువ అయిన ఈ సీమలో జనం తమ మాటను ఎక్కడ, ఎలా చెప్పుకున్నారో చూడాలన్న తలంపుతో ఈ దారిన నడిచాను.

మొదటి మజిలీ కర్నూలు కొండారెడ్డి బురుజు. విజయనగర పాలకుడు అచ్యుతదేవరాయల కాలపు కోటలో మిగిలిన భాగమిది. అలంపురం పాలకుడు కొండారెడ్డిని ఇక్కడ బంధించి ఉంచినందున ఈ పేరు వచ్చిందని చెబుతారు. ఒకనాడు మనిషి గొంతును బంధించిన గోడల ముందు నేడు విద్యార్థులు, రైతులు, ఉద్యోగులు జెండాలు పట్టుకుని స్వేచ్ఛగా నడిచిపోతారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ నగరమే రాజధాని అయింది. భవనాలు చాలక గుడారాలలో కార్యాలయాలు నడిపారు. ఆ గౌరవం వెనుక 1937 నవంబరు 16న మద్రాసులో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక ఉంది. రాజధాని లేదా హైకోర్టు, కృష్ణా, తుంగభద్ర జలాలలో ప్రాధాన్యం అని సీమకు అందులో మాట ఇచ్చారు. మూడేళ్ళకే, 1956 నవంబరు 1న, రాజధాని హైదరాబాదుకు తరలింది. నీటి మాట మాత్రం నేటికీ జనం నాలుకపై ఉంది.

ఆ మాట ఒక రాయిగా మారిన చోటును చూడాలంటే ప్రధాన రహదారిని విడిచి నందికొట్కూరు, ఆత్మకూరు మీదుగా శ్రీశైలం జలాశయపు ఎగువ అంచుకు వెళ్ళాలి. అక్కడ కృష్ణ ఒడ్డున ఉంది సిద్ధేశ్వరం. ఎండాకాలంలో జలాశయం వెనక్కు తగ్గితే నదీగర్భం బయటపడుతుంది. అక్కడ అలుగు కట్టి సీమకు నీరు నిలపాలన్నది రైతుల చిరకాల కోరిక. కాగితాల మీద ఎంతకాలానికీ అది కదలకపోవడంతో 2016 మే 31న రాయలసీమ రైతులు వేలాదిగా బయలుదేరారు. నంద్యాల కేంద్రంగా పనిచేసే రాయలసీమ సాగునీటి సాధన సమితి, దాని నాయకుడు బొజ్జా దశరథరామిరెడ్డి ఈ పిలుపు వెనుక ఉన్నారు. పోలీసుల ఆంక్షలను దాటుకుని చేరిన రైతులు తమ చేతులతో అలుగుకు శంకుస్థాపన చేశారు. దానికి వారు పెట్టుకున్న పేరు ‘ప్రజా శంకుస్థాపన’.

ఆ రెండు పదాలను నిదానంగా చదవండి. శంకుస్థాపన అంటే మంత్రులు వచ్చి చేసేది. పాలరాతి పలక మీద వారి పేర్లుంటాయి, చప్పట్లుంటాయి, తర్వాత ఏళ్ళ తరబడి ఆ పలక చుట్టూ ముళ్ళపొదలు పెరుగుతాయి. రైతు ఆ తంతును తన చేతిలోకి తీసుకుని, “మీరు వేయవలసిన రాయిని మేమే వేశాం, ఇక కట్టడం మీ వంతు” అన్నాడు. ఇందులో ఒక్క దెబ్బ లేదు, ఒక్క దూషణ లేదు. ఏ చిత్రకారుడూ గీయని, ఏ శిల్పీ చెక్కని కళ ఇది. ఆయుధం లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కును రాజ్యాంగపు 19వ అధికరణం మనకిచ్చింది. ఆ హక్కు కాగితం దిగివచ్చి నదీగర్భంలో నిలబడిన రోజది.

సిద్ధేశ్వరం నుండి నంద్యాల చేరి మళ్ళీ రహదారి పట్టుకుంటే ఆళ్ళగడ్డ వస్తుంది. రాతిశిల్పాలకు పేరుపొందిన ఊరు, భౌగోళిక గుర్తింపు పొందిన కళ. రోడ్డు పక్కనే ఉలి చప్పుడు వినిపిస్తుంది. విగ్రహాల విషయంలో మన విశ్వాసం మనకున్నది. అయినా ఒక రాయిపై రోజుల తరబడి వంగి పనిచేసే శిల్పి సహనాన్ని చూసి నేర్చుకోనివారెవరు? ఒక్క దెబ్బ తొందరపడితే రాయి చీలిపోతుంది. నిరసన కూడా అంతే.

కడపలో ఆ సహనానికి మరో రూపం కనిపించింది. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు కర్నూలులోనూ కడపలోనూ ఊరేగింపులు సాగాయి. ఢిల్లీ షాహీన్‌బాగ్‌లో స్త్రీలు చలిలో కూర్చుంటే, వారి చుట్టూ ఇండియా గేట్ నమూనా, ఇనుముతో చేసిన దేశపటం, చిన్న గ్రంథాలయం వెలిశాయి. మన ఊళ్ళలో అంత పెద్ద కట్టడాలు లేకపోయినా త్రివర్ణ పతాకం ఉంది, రాజ్యాంగ పీఠిక ఉంది, అట్టముక్క మీద తెలుగులో, ఉర్దూలో రాసిన అక్షరం ఉంది. మదర్సాలో ఖత్తాతీ నేర్చిన చేతికి అట్ట మీద అక్షరం కూడా అమానతే. అందులో అబద్ధం ఉండరాదు, ద్వేషం ఉండరాదు. డిసెంబరు 23న కడపలోనే ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి జాతీయ పౌర పట్టికకు తమ ప్రభుత్వం వ్యతిరేకమని ప్రకటించారు. జనం గొంతు ప్రభుత్వపు చెవిని చేరగలదని ఆ రోజు తెలిసింది.

అయితే నిజం పూర్తిగా చెప్పాలి. ఆ చట్టం రద్దు కాలేదు, 2024 మార్చిలో దాని నియమాలు కూడా వెలువడ్డాయి. సిద్ధేశ్వరం వద్ద కేంద్రం తీగల వంతెనను ఆమోదించింది, దానితో పాటు అలుగూ కట్టాలని రైతులు ఇంకా అడుగుతూనే ఉన్నారు. మరి ఈ నడకలన్నీ వ్యర్థమా? కాదు. సాక్ష్యం విలువ తీర్పును బట్టి నిర్ణయం కాదు. న్యాయమూర్తి వినకపోయినా చూసినది చెప్పడం సాక్షి ధర్మం. అన్యాయపు పాలకుని ఎదుట న్యాయమైన మాట పలకడాన్ని దైవప్రవక్త (స) ఎంతో గొప్ప పోరాటంగా ఎంచారు. దారి మీద కూర్చునేవారు దారి హక్కును కాపాడాలనీ ఆయనే బోధించారు. కనుక రోగిని తీసుకుపోయే వాహనానికి తొలగి దారి ఇవ్వని ఊరేగింపు ఎంత న్యాయమైన కోరికతో వచ్చినా తన సాక్ష్యాన్ని తానే చెరిపేసుకుంటుంది. సబ్ర్ అంటే నోరు మూసుకోవడం కాదు. నోరు తెరిచినప్పుడు కూడా చేతిని, నాలుకను అదుపులో ఉంచుకోవడం.

కడప నుండి ఎర్రగుంట్ల వైపు వెళితే కలమళ్ళ అనే ఊరు వస్తుంది. సుమారు క్రీ.శ. 575లో రేనాటి చోళుడు ధనంజయుడు వేయించిన శాసనం దొరికింది అక్కడే. తెలుగులో మనకు తెలిసిన తొలి శాసనం అదేనంటారు. ఆనాడు ఆ రాయి మీద మాట రాయించినవాడు రాజు. ఈనాడు అదే సీమలో రైతు నదిలో రాయి పాతుతాడు, బడిపిల్ల అట్ట మీద తన పేరూ తన దేశం పేరూ కలిపి రాస్తుంది. మన ఇంటి పిల్లలకు అక్షరాలు దిద్దించేటప్పుడు ఈ సంగతి కూడా చెబుదాం: అక్షరం చక్కగా ఉండాలి, నిజమై ఉండాలి, నలుగురూ చదివే చోట నిలిపే ధైర్యం ఉండాలి.