మూడు గొంతుల నాయకుడు

కారంపూడివాళ్ళకు పల్నాటి కథ ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. కార్తీక అమావాస్యకు రాచగావుతో మొదలై రాయబారం, మందపోరు, కోడిపోరు దాటి కల్లిపాడుతో ముగిసే అయిదు రోజుల ఉత్సవంలో అది ఏటేటా మా కళ్ళముందే జరుగుతుంది. నాగులేరు గట్టు, వీరులగుడి, కొణతాలు, వీరవిద్యావంతుల పాట - మా ఊళ్ళో ఆ కథ తన చోటునూ తిథినీ విడిచి కదలదు.

గుడీ తిథీ లేకుండానే దాన్ని ఏ ఊరి మైదానంలోనైనా నిలబెట్టగలిగిన ఒక దళనాయకుణ్ణి తలచుకుందామని ఈ నాలుగు మాటలు. ఆయన షేక్ నాజర్. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల కుటుంబంలో పుట్టారు. ప్రజానాట్యమండలి వేదికల మీద బుర్రకథకుడిగా ఎదిగారు. బెంగాల్ కరువు, అల్లూరి సీతారామరాజు, బొబ్బిలి యుద్ధం, పల్నాటి యుద్ధం ఆయన చెప్పిన కథల్లో కొన్ని. 1954 నాటి 'అగ్గిరాముడు' సినిమాలోనూ ఆయన బుర్రకథ వినిపించింది. 1986లో పద్మశ్రీ అందుకున్నారు, 1997లో కన్నుమూశారు. ఇంత చేసిన మనిషి పేరు చెబితే ఇప్పటి పిల్లల్లో ఎందరు గుర్తుపడతారు?

నన్ను ఆకట్టుకునేది ఆ నాయకత్వపు తీరు. భుజాన తంబురా, వేళ్ళకు అందెలు, ముందుకూ వెనక్కూ అడుగులు వేస్తూ కథకుడు నడుమ ఉంటాడు. అటొకరు, ఇటొకరు గుమ్మెటలతో వంతలు. ఒకరు రాజకీయం మాట్లాడతారు, మరొకరు హాస్యం. కథకుడు ఎంత ఉద్రేకంలో ఉన్నా వంత అడ్డు తగిలి ప్రశ్న వేయవచ్చు. నాయకుడు ఆగి బదులు చెప్పాల్సిందే. వీరులగుడి ముందు బాలచంద్రుడికి మనం మొక్కుతాం. బుర్రకథలో అదే బాలచంద్రుడి గురించి, "ఈ యుద్ధం ఎవరి కోసం?" అని అడగవచ్చు. రెండూ కావాలనే నా మనసుకు తోస్తుంది. మొక్కు కథను నిలుపుతుంది, ప్రశ్న దాన్ని ఈనాటిది చేస్తుంది.

మందపోరు నాడు మా ఊళ్ళో చాపకూడు పెడతారు. బ్రహ్మనాయుడు కులాలన్నిటినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడన్న కథకు గుర్తు అది. ఆ కథను ఊరూరా మోసినవాళ్ళలో దూది ఏకే ఇంటివాడు ఒకడుండడం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ బిరుదులెన్ని ఉన్నా, నాజర్ జీవితకథ పుస్తకంగా వచ్చినప్పుడు దాని అట్ట మీదికి ఎక్కింది ఆ కులవృత్తి పేరే: 'పింజారి'. చాప మీద తన చోటును ఆయన ఎవరినీ అడిగి తీసుకోలేదు.