గోడకు లప్పం, మనిషికి మాస్కు

అమ్మాయి పెళ్లి దగ్గరపడిందని ఇంటి గోడలకు లప్పం పెట్టిస్తున్నాం. "ఒకే కోటు మందంగా లాగించెయ్" అన్నారు చుట్టాలు. పెయింటర్ ఒప్పుకోలేదు. మందంగా పెడితే పగిలి పెచ్చులూడుద్దంట. గోడ తడిపి పలచగా ఒక కోటు, ఆరాక ఇంకోటి. రెండూ కలిపి 1.5 మిల్లీమీటర్లు దాటనివ్వడు. దమ్ము చేసిన మడిలో మెరకా పల్లం నీళ్లు పెడితే తెలుస్తాయి. గోడకైతే పక్కనుంచి లైటు వేసి చూడాలి. నీడ పడ్డచోట మళ్లీ లప్పం, ఆరాక ఉప్పుకాగితంతో రుద్దుడు.

ఆ రుద్దేటప్పుడు లేచే దుమ్ముతోనే భయం. 20 ఏళ్లుగా మూతికి తువ్వాలే కట్టుకుంటున్నాడు, ఆగకుండా దగ్గుతున్నాడు. పొలంలో మందు కొట్టడానికి కొన్న మాస్కుల్లో కొత్తది తీసి ఇచ్చాను. మీ ఇంట్లో ఈ పని జరిగితే ముందే మాస్కులు కొనివ్వండి. సిమెంటు బస్తా ఖరీదు కూడా కాదు.