జేన్ అవ్వ కథ చూసినంక

పోయిన ఎండాకాలం సెలవుల్లో, తునికాకు కళ్లాలు అయిపోయి వానలు ఇంకా పడని రోజుల్లో, ఫోనులో ఒక పాత అమెరికా సినిమా చూశాను. పేరు ‘ది ఆటోబయోగ్రఫీ ఆఫ్ మిస్ జేన్ పిట్‌మన్’. 1974 జనవరిలో అక్కడి సీబీఎస్ టీవీలో వచ్చింది. నాది టీటీసీ ఇంగ్లీషు. ఆ నల్లవాళ్ల పల్లె యాస నాకు సగమే అందింది. డిగ్రీ చదివే మేనకోడల్ని పక్కన కూర్చోబెట్టుకొని, ఆపి అడుగుతూ, రెండు రోజులు చూశాను.

లూసియానా రాష్ట్రంలో నూటపదేళ్ల ముసలమ్మ. 1962లో ఒక తెల్ల విలేకరి వచ్చి ఆమె బతుకు కథ అడుగుతాడు. ఆమె బానిసగా పుట్టింది. అంతర్యుద్ధం అయిపోయి విడుదలైంది, కానీ మళ్లీ అదే పత్తి చేలల్లో, అదే చెరకు తోటల్లో కూలికి వంగింది. పెంచుకున్న కొడుకును చంపారు, గుర్రాలను మచ్చిక చేసే మొగుడు గుర్రం వల్లనే చనిపోయాడు. చివరికి హక్కుల ఉద్యమం ఆమె గడప దాకా వచ్చింది. వయసు వచ్చినప్పటి నుంచి నూటపదేళ్ల దాకా ఆ పాత్ర వేసింది సిసిలీ టైసన్ అనే ఒక్క నటే. పేరులో ఆత్మకథ అని ఉంది కాబట్టి ఈ అవ్వ నిజంగా బతికిందని నేనూ అనుకున్నాను. కాదట. ఎర్నెస్ట్ గెయిన్స్ 1971లో రాసిన నవల అది. ఆయన అలాంటి తోటలోని కూలీల గుడిసెల్లోనే పుట్టాడు. నడవలేని ఒక ముసలి అత్త ఆయన్ని పెంచింది. అట్లాంటి అవ్వల మాటలు వింటూ పెరిగినవాడికే ఈ కథ వస్తుంది.

సినిమాలో నన్ను పట్టుకున్నది మాత్రం మొదట్లోనే వచ్చే ఒక చిన్న ముచ్చట. బానిస పిల్లగా ఆమె పేరు టైసీ. ఆ దారిన పోతున్న ఉత్తరాది సిపాయికి ఈ పిల్ల నీళ్లు పోస్తుంది. ఇది బానిస పేరు, ఈ రోజు నుంచి నీ పేరు జేన్ అని ఆయన చెప్పి పోతాడు. తర్వాత యజమానురాలు టైసీ అని పిలిస్తే పిల్ల పలకదు. నా పేరు జేన్ అంటుంది. ఒళ్లు చీరిపోయేటట్టు దెబ్బలు తింటుంది, అయినా పేరు వదలదు.

అక్కడ ఫోను ఆపేశాను. మేనకోడలు నిద్ర వస్తుందా అని అడిగింది. నిద్ర కాదు, నా మొదటి పోస్టింగు గుర్తొచ్చింది. 2002లో తాడ్వాయి వైపు ఒక కోయ గూడెం బడికి వేశారు నన్ను. అడ్మిషన్ రిజిస్టరు రాస్తుంటే ఒక అమ్మ ఆరేళ్ల బిడ్డను తీసుకొచ్చి, చివర ‘అక్క’ అని వచ్చే పాత పేరు చెప్పింది. నాకు అప్పుడు ఇరవై రెండేళ్లు. డైట్‌లో మిగతా పిల్లలు నా పేరు విని నవ్వితే రెండేళ్లు తల వంచుకొని ఉన్నదాన్ని. ఈ పిల్లకు అది వద్దనుకున్నాను. అప్పట్లో సినిమా హీరోయిన్లకు ఉండే పేరు ఒకటి రాసి, "మంచిగున్నది గదా" అన్నాను. ఆ అమ్మ "మీ ఇష్టం టీచర్" అన్నది. ఆమెకు వేరే జవాబు ఏముంటుంది?

మన పేర్ల మీద ఇది కొత్త సంగతి కాదు. మన సారక్కే కాగితాల్లో, బోర్డుల్లో సారలమ్మ అయింది. ఆ తల్లికే తప్పనిది ఆరేళ్ల పిల్లకు తప్పుతుందా అని నన్ను నేను సమాధానపరుచుకోవచ్చు. కానీ మేడారం బోర్డు నేను రాయలేదు. ఈ రిజిస్టరు నేను రాశాను.

మనకు ఇట్లాంటి సినిమా లేదా అని మేనకోడలు అడిగితే ‘దాసి’ చూపించాను. బి. నర్సింగరావు 1988లో తీశారు. అప్పటి తెలంగాణ గడిలో ఒక ఆడబాప కథ. దొరసాని పెండ్లి చేసుకొని వస్తే అరణంగా గిన్నెలతో, పశువులతో పాటు వెంట పంపే పిల్లను ఆడబాప అనేవారు. కమలాక్షి పాత్రకు అర్చనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. కళాదర్శకుడిగా వైకుంఠం గారికి కూడా వచ్చింది. ఆ గడి గోడలు, ఆ నీళ్లు మోయడం, ఆ మెట్లు కడగడం చూస్తుంటే ఊపిరి ఆడదు. దొర వల్ల కడుపు వస్తే దాన్ని తీయించుకోవాల్సింది కూడా ఆమే. జేన్ నోరు తెరిచి నూరేళ్లు చెప్తుంది. కమలాక్షికి మాటే లేదు. రెండూ పక్కపక్కన చూస్తే తెలుస్తుంది, ఒకరు వచ్చి అడిగితే తప్ప ఆ మాట బయటికి రాదని.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ మధ్య మన పిల్లలు సభల్లో మైకు పట్టుకొని మనమూ బానిసలమే అంటున్నారు. నాకు ఆ మాట నచ్చదు. నల్లవాళ్లను సంతలో అమ్మారు, తల్లిని ఒక దిక్కు, బిడ్డను ఒక దిక్కు. గడిలో ఆడబాపలు ఎక్కువగా మైదానపు కింది కులాల ఆడపిల్లలు. మనల్ని ఎవరూ అమ్మలేదు. మన కాళ్ల కింది భూమిని తీసుకున్నారు. మైదానంలో దొర అంటే గడి ఉన్నవాడు. మనల్ని కోయదొరలు అంటారు. గడి లేదు, పట్టా లేదు, పేరు మాత్రం దొర! ఎవరి దెబ్బ వాళ్లది. దెబ్బ వేరైనా జేన్ అవ్వను చూస్తే మా అమ్మమ్మ ఎందుకు గుర్తొచ్చిందో అది వేరే సంగతి.

మా అమ్మమ్మ వయసు ఎవరికీ తెలియదు. పోలీసు యాక్షన్ నాటికి ఈడుకొచ్చిన పిల్లనని చెప్పేది. అంటే 1948. నైజాం కాలంలో జంగ్లాత్ వాళ్లు గూడేనికి వస్తే కోడి, బియ్యం ఇవ్వాలి, మూట మోయాలి, ఆడవాళ్లు వడ్లు దంచిపెట్టాలి. కూలి అడిగే మాటే లేదు. దాన్ని ఆమె వెట్టి అనలేదు, "పని చెప్పేటోళ్లు" అనేది. తర్వాత వాగు ఒడ్డున ఉన్న రెండెకరాలు ఉప్పు బాకీకి, బట్ట బాకీకి పోయాయి. 1970లో 1/70 చట్టం వచ్చింది. ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి చేతులు మారకూడదని. ఆ చట్టం సంగతి మా గూడెంలో తెలిసేసరికి ఆ రెండెకరాల్లో బోరు పడింది, వేరేవాళ్ల మిరప కాసింది. అమ్మమ్మ అడవిలోకి జరిగి పోడు కొట్టింది.

సినిమా చివర జేన్ అవ్వ కర్ర పట్టుకొని కోర్టు ముందు నడుస్తుంది. తెల్లవాళ్లకు మాత్రమే అని రాసిన నల్లా. పోలీసులు చూస్తుంటారు. ఆ కొంచెం దూరం నడవడానికే సినిమాలో చాలాసేపు పడుతుంది. వంగి నీళ్లు తాగి తిరిగి వస్తుంది. అంతే. నల్లా విడిగా ఉండకూడదన్న చట్టం 1964లో గానీ రాలేదు. మేనకోడలు నవల తెప్పించి చదివి, అందులో నీళ్లు తాగేది అవ్వ కాదు, వేరే పడుచుపిల్ల అని చెప్పింది. ఇంకో మార్పు కూడా ఉంది. నవలలో అవ్వ కథ రాసుకునేవాడు తెల్ల విలేకరి కాదు, చరిత్ర చెప్పే టీచరు. పాఠ్యపుస్తకాల్లో ఆమె లేదని, తన పిల్లలకు చెప్పడానికని టేపు రికార్డరు పట్టుకొని పోతాడు. సినిమావాళ్లు టీచరును తీసేసి విలేకరిని పెట్టారు. అది నాకు మింగుడుపడలేదు. పెంచుకున్న కొడుకు నెడ్‌ను చంపింది కూడా తన జనానికి బడి పెట్టినందుకే. బడి కోసం ప్రాణం పోయిన కథలో రాసుకునే టీచరుకు చోటు లేకపోవడం ఏమిటి?

మా అమ్మమ్మకు నల్లా లేదు గానీ కుర్చీ ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద దరఖాస్తులు తీసుకున్నప్పుడు మా గూడెం బడిలోనే గ్రామసభ పెట్టారు. ఆఫీసర్లు వస్తే మన ఆడవాళ్లు కింద కూర్చుంటారు. ఆ రోజు మోకాళ్లు నొస్తున్నాయని అమ్మమ్మ పోయి ముందు వరుసలో ఖాళీ కుర్చీలో కూర్చుంది. ఒకాయన లేవమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె చూడనట్టు తల తిప్పుకుంది. దరఖాస్తులో తాత పేరు రాయబోతే, "చచ్చినోని పేరెందుకు సారూ, దున్నింది నేను గదా" అన్నది. నేను గోడ పక్కన నిలబడి ఉన్నాను. టీచర్‌ను అయి ఉండీ, కూర్చో అమ్మమ్మా అని ఒక మాట పైకి అనలేదు.

పట్టా వచ్చింది. అందులో అమ్మమ్మ పేరు చివర ‘అక్క’ పోయి ‘అమ్మ’ అని పడింది. దిద్దించడానికి రెండుసార్లు తిరిగాం. మూడోసారి పోకముందే ఆమె పోయింది. ఆమె గొంతు నా దగ్గర లేదు. చేతిలో ఫోను ఉన్న కాలంలోనే, టీచర్ ఉద్యోగం చేస్తూనే, ఒక్క గంట రికార్డు చేసుకోలేదు.

జూన్‌లో బడి తెరిచినంక అయిదో తరగతి పిల్లలకు ఒక పని చెప్పాను. ఇంట్లో ముసలివాళ్లను మూడు ప్రశ్నలు అడిగి రమ్మని. మీ పేరు ఎవరు పెట్టారు, చిన్నప్పుడు ఎవరి పని చేశారు, ఏ భూమి దున్నారు. కోయ బాసలోనే రాసుకోండి, తెలుగు అక్షరాల్లో అన్నాను. ఇరవై మందిలో పదకొండు మంది తెచ్చారు. ఒక పిల్లవాడు తాత ఏమీ చెప్పలేదు, ఏడ్చిండు అని రాసుకొచ్చాడు. దానికి కూడా టిక్కు పెట్టాను.

బదిలీల మీద తిరిగి తిరిగి నేను ఇప్పుడు ఆ మొదటి బడికే వచ్చాను. అదే నెలలో ఒక అమ్మాయి బిడ్డను చేర్పించడానికి వచ్చింది. ముఖం చూసి గుర్తుపట్టాను, 2002 నాటి ఆరేళ్ల పిల్ల. ఆ సంగతి ఎత్తాను. నీ పేరు నేను మార్చాను, తప్పు చేశాను అన్నాను. ఆమె నవ్వింది. "ఇంట్లో పాత పేరే పిలుస్తరు టీచర్. ఆధార్ల, బ్యాంకుల, ఉపాధి కార్డుల అన్నిట్ల మీరు రాసిందే ఉన్నది. ఇప్పుడు మార్చుకుంటే పైసలు ఆగిపోతయి" అన్నది.

రిజిస్టరు తీసి, బిడ్డ పేరు చెప్పు అన్నాను. అది వాళ్ల అమ్మమ్మ పేరట. ఒక్కో అక్షరం చెప్పింది. నేను రాసేదాకా టేబులు మీదికి వంగి చూస్తూ నిలబడింది.